కొబ్బరినూనె గడ్డకట్టే ఊరి నుంచి

డిసెంబరులో ఓ పొద్దున
సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టిందంటే
మా గుంటూరులో అదే చలి.
సీసాని పిట్టగోడ మీద ఎండలో పెట్టి
అది కరిగేలోగా కాఫీ తాగేస్తాం.
నెత్తికి మఫ్లరు చుట్టి పాలప్యాకెట్టుకి వెళ్ళే
జోగారావు మేష్టారు
హిమాలయం దిగొచ్చినవాడిలా నడుస్తాడు.

అలాంటి ఊరిదాన్ని,
లేహ్‌లో పోస్టింగు కాగితం బ్యాగులో పెట్టుకుని
హిందూ కాలేజీ గోడవార
స్వెట్టర్ల వరసలో ఆఖరి కొట్టు ముందు నిలబడ్డాను.

కొట్టామె పేరు యాంగ్‌జోమ్.
ఇరవై రెండేళ్ళుగా కార్తీకంలో దిగి
శివరాత్రికి మూట కట్టేస్తుంది.
"ఏందమ్మా, మీ ఆయనకా, అత్తగారికా?"
అచ్చం మా కొత్తపేట యాస.
నాకే, లేహ్‌కి, అన్నాను.
స్వెట్టరు మడత పెట్టే చేతులు ఆగాయి.
పక్క కొట్టువాడితో వాళ్ళ భాషలో ఏదో అంది.
స్టూలు నా వైపు తోసింది.

మొదట చెప్పింది చలి గురించి కాదు.
"దిగ్గానే రెండ్రోజులు పడుకో. గాలి పలచన అక్కడ.
మెట్లెక్కేటప్పుడు మాట్లాడకు.
గుంటూరోళ్ళు మాట్లాడకుండా ఎక్కలేరు, నాకు తెల్సు."

తర్వాత ఒక్కోటీ, గిరాకీల మధ్య.
తడి చేత్తో ఇనప గొళ్ళెం ముట్టుకోకు, అది నిన్ను పట్టుకుంటది.
రేపు తాగే నీళ్ళని రాత్రి దుప్పట్లో
పసిబిడ్డలా పక్కన పడుకోబెట్టుకో.
ఉతికిన చున్నీ దండెం మీద అప్పడమైపోద్ది, విరవకు.
మందపాటిది ఒకటికంటే పల్చనివి నాలుగు నయం,
ఉల్లిపాయని చూళ్ళేదా?
తలుపులు మూసి, కుంపటి పక్కన పెట్టుకుని నిద్రపోకు.
వెచ్చగానే ఉంటది. లేవవు, అంతే.

ఈ ముక్క చెప్పేటప్పుడు
ఆమె నా వైపు చూడలేదు.

"గోంగూర పచ్చడి తీసుకుపో, సీసా నిండా నింపకు.
కొబ్బరినూనె దండగ. మార్చి దాకా రాయే అది."

ఫోనులో అన్నీ రాసుకుంటూ
పోయినేడు మంచు ఎంత పడిందని అడిగాను.
ఏమో, అంది.
ఏమో ఏంటి?
"నేనెక్కడ చూశా? చలికాలమంతా ఇక్కడే గదా."

వేళ్ళ మీద లెక్కేసుకుంది.
పెళ్ళైన ఏడు ఆఖరు.
సింధు నది అంచుల నుంచి బిగుసుకుంటూ వచ్చి
రాత్రిపూట నడిమధ్యన ఎక్కడో
కొయ్య చీలినట్టు చప్పుడు చేస్తుందట.
ఇప్పుడూ చేస్తుందో లేదో తెలీదు.
ఎండాకాలం ఇంటికి పోతే
ఏమీ ఎరగనట్టు పారుతుంటుంది.

నాకూ చెప్పాలనిపించింది,
నువ్వు మూట కట్టాక ఇక్కడేం జరుగుతుందో నీకు తెలీదని.
మిర్చి యార్డు మీంచొచ్చే మే నెల గాలి
కళ్ళల్లో ఎట్లా దూరుతుందో,
రోళ్ళు పగిలే రోహిణిలో
కుళాయి తిప్పితే చేతులు ఎలా కాలతాయో,
చీకటి పడ్డాక డాబా మీద బకెట్లతో నీళ్ళు కొట్టి
ఆ ఆవిరి చల్లారేదాకా
ఎవరి పెళ్ళి ఎందుకు చెడిందో ఎలా చెప్పుకుంటామో.
ఆమె ఎరిగిన గుంటూరు సగం.
సగం ఊరితోనే ఇంత యాస పట్టింది.

చెప్పలేదు. గిరాకీ వచ్చింది.

వేసుకుని చూడు, అంది.
ఒంటిగంట ఎండ. గొంతుదాకా జిప్పు లాగాను.
వీపు మీద చెమట కాలవ కట్టింది.
నిమ్మసోడా బండి దగ్గర కుర్రాళ్ళు నవ్వారు.
సరిపోయింది, అన్నాను.
"సరిపోతే పనికిరాదు.
లోపల ఇంకో మూడు పట్టాలి."

పధ్నాలుగు వందలు.
అలవాటుకొద్దీ నూట యాభై తగ్గించమన్నాను.
పైసా తగ్గించలేదు.
కవరు మూతి ముడేస్తూ అంది:
జనవరిలో ఎప్పుడన్నా నిద్ర పట్టకపోతే
ఆ నాలుగూ వేసుకుని నది దాకా పోయి
ఫోను పైకెత్తి పట్టుకో.
ఎంత రాత్రైనా ఎత్తుతా.

నంబరు కవరు మీద రాసింది.
మలుపు తిరిగేలోగా చేతి చెమటకి
ఆఖరి అంకె అలుక్కుపోయింది.
వెనక్కి నడిచాను.