ఇరవై మూడు మిల్లీమీటర్లు

కల్వకుర్తి తాసిల్ ఆఫీసు వెనుక
ముళ్లకంచె నడుమ ఒక ఇత్తడి గరాటు,
దాని కింద సీసా.
పొద్దున ఎనిమిదిన్నరకు కొలిచి రాయడం నా కొలువు.
ముప్పై ఒక్క ఏండ్లు రాసిన.
ఎక్కువ రోజులు రాసింది సున్న.

ఆ అలవాటే నా వెంట ఇంటికి వచ్చింది.
పగలు సర్కారు రిజిస్టరు, రాత్రి నా డైరీ.
ఎరువుల దుకాణపాయన ఇచ్చినవి కొన్ని,
బీమా ఏజెంటు ఇచ్చినవి కొన్ని,
ఒక్క ఏడు మాత్రం మా పర్వతాలు
రెండో తరగతి నోటుబుక్కుల
మిగిలిన సగం.

నలభై ఏడు పుస్తకాలు, ఇనుప సందుగల.
వేపాకు వేసినా రెండేండ్లను చెదలు తిన్నయి.
ఏమేం తిన్నయో నాకు తెల్వదు.

మిగిలినవాటిల పెద్ద ముచ్చట్లేం లేవు.
పల్లికాయ ధర.
ఊరి బయట బోరు, మూడు వందల ఫీట్లు, దుమ్ము.
"పిల్లగానికి చెప్పులు, పద్నాలుగు రూపాయలు,
ఒక సైజు పెద్దవి."
పెద్దవి ఎందుకో రాయలె.
అందరూ ఎందుకు కొంటరో అందుకే.

వరుసగా మూడో కరువు అది.
తొవ్వల ఎవరు ఎదురైనా
"ఎంత పడ్డదే నిన్న?" అనేటోళ్లు,
మొగులు నా జేబుల ఉన్నట్టు.
నా వేలు పట్టుకొని నడిచే పిల్లగాడు
ఆ మాట అన్నిసార్లు విన్నడు.

ఒకనాడు పొద్దున సీసా తీస్తే
ఇరవై మూడు మిల్లీమీటర్లు.
చెయ్యి అలవాటుగ రాసేసింది.
తల ఎత్తితే ఆకాశం ఉతికి ఆరేసిన తెల్ల ధోతి.
కంచె అవతల వాడు,
చేతుల మా ఇంటి రాగిచెంబు,
అంగీ అంతా తడి,
నేను నవ్వుతనని చూస్తున్నడు.

రిజిస్టరుల ఎర్రసిరాతో కొట్టేసి
"పొరపాటు" అని సంతకం పెట్టిన.
ఆ రాత్రి డైరీల రాసుకున్న:
"పర్వతాలు వానగిన్నెల నీళ్లు పోసిండు.
ఒక దెబ్బ కొట్టిన."

భాద్రపదంల జ్వరం.
మిడ్జిల్ మీదుగ మహబూబ్‌నగర్ బస్సు.
రెండు టికెట్లు, ఒక అర టికెట్.
జడ్చర్ల దాటలె.
వచ్చేటప్పుడు జీపు కిరాయి నూట ఇరవై.
ఆ రోజు పేజీల ఇంతకంటె ఏం లేదు.
రాత్రంతా కురిసింది.
తెల్లారి ఎనిమిదిన్నరకు పోయి కొలిచిన.
నలభై ఒకటి పాయింట్ రెండు.
అంకె సరిగ్గనే ఉంది.
రాత కూడా వణకలె.
దానికే నన్ను నేను క్షమించలేను.

అండాలుకు చదువు రాదు.
ఏటా ఆ తిథి వస్తే
జీపు కిరాయి పేజీ తియ్యనియ్యదు.
"చెంబు దినం చదువు" అంటది.
చదువుత.
ఇంటది, లేచి పొయ్యి దగ్గరికి పోతది.
ముప్పై ఎనిమిది ఏండ్లు ఇట్లనే.

మొన్న లేవలేదు.
మోకాలు పట్టుకొని కూసొని అన్నది:
"ఒకటి కాదు. రెండు.
రెండోది ఎడమ చెంప మీద.
చెంబు కింద పడి సొట్టవోయింది."

నేను పేజీ దిక్కు చూసిన.
ఒక దెబ్బ. నా రాత. నీలంసిరా.
ఇంట్ల మూల చెంబు.
సొట్ట ఎట్ల పడ్డదో ఇన్నేండ్లల
ఒక్కనాడు అడగలె నేను.

ఆమె సీసాకు గీతలు లేవు.
ఒక్క చుక్క ఆవిరి కాలేదు.

కొంచెం ఆగి
ఎవరితోనో చెప్పినట్టు మెల్లగ అన్నది:
"మరి ఆ రాత్రి
వాన్ని నీ కంచంల తినవెట్టుకున్నవ్.
మజ్జిగ బువ్వ.
అది కూడ రాయలె నువ్వు."

నాకు యాదికి లేదు.
ఎంత తవ్వినా దుమ్మే.
ఆమె అబద్ధమాడదు.
నా మీద జాలితో ఆడి ఉండొచ్చు కూడ.
అడగలె.

కొట్టివేతకు ఎర్రసిరా వాడాలన్నది సర్కారు నియమం.
ఇంట్ల ఎర్ర పెన్ను దొరకలె.
ఉన్నదానితోనే దిద్దిన.

ఈ రాత్రి డైరీ:
వాన లేదు.
కరెంటు రెండు గంటలు పోయింది.
అండాలుకు మోకాలు నొప్పి, నూనె రాసిన.
పాత లెక్కల సవరణ: దెబ్బలు రెండు.
మజ్జిగ బువ్వ, అండాలు చెప్పగా.