రెండు మెట్ల మధ్య

హెలెనాలో, కరకట్ట కింది వీధిలో
ఆర్నెటా టిబ్స్ పాత సోఫాలకు కొత్త బట్ట కొడుతుంది.
నోటినిండా చిన్న మేకులు.
మాట్లాడాలంటే ముందు వాటిని అరచేతిలోకి ఉమ్మాలి,
అందుకే తక్కువ మాట్లాడుతుంది.

నేను మిసిసిపీ మీద బార్జీలకు మోకులు బిగించేవాణ్ణి.
ఇరవై ఎనిమిది రోజులు నీళ్ల మీద, పద్నాలుగు ఒడ్డున.
నలభై మూడో ఏట గిటార్ పట్టాను.

మొదటి రోజే దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని
పటకారుతో ఐదు తీగలు తెంపేసింది.
"మూడోది ఉంచాను. నెల్లాళ్లు దీనితో కాపురం చెయ్యి."
జీతం పోసి కొన్న నా ఎర్ర పెడల్‌ని
కుంటుతున్న కుర్చీ కోడు కింద పెట్టింది.
కుర్చీ నిలబడింది.

తీగని తోయాలి.
ఒక వేలు తోస్తుంది, వెనక రెండు దన్నుగా ఉంటాయి,
మణికట్టు తుప్పు తాళంలో చెవిలా తిరుగుతుంది.
నేను తోసిన ప్రతిసారీ స్వరం సగం దారిలో కూలబడేది.
"ముందు నోటితో అను, తర్వాత వెళ్లు.
ఏ ఇల్లో తెలియకుండా తలుపు కొడితే ఎవడు తీస్తాడు?"

వేలికొసలు బొబ్బలెక్కి, పగిలి, కాయకాశాయి.
మోకులు ఇరవై ఏళ్లలో అరచేతికి చేసింది
ఒక సన్నతీగ ఆరువారాల్లో చేసింది.

ఆమె ఆంప్‌లో గాజు వాల్వులు.
ఒక కాఫీ తాగేంతసేపు వెచ్చబడాలి.
ఆంప్‌ని పది దాకా పెంచి
గిటార్ మీది మరని మూడుకి దించింది.
"అరవగలిగినవాడు మెల్లగా మాట్లాడితే వేరు,
అరవలేనివాడు మెల్లగా మాట్లాడితే వేరు."

ఆరు తీగలూ తిరిగొచ్చిన రాత్రి
వచ్చినదంతా కుమ్మరించాను, ఊపిరాడకుండా.
ఆమె తలెత్తలేదు. సుత్తి మాత్రం
టక్.

టక్.
"మేకుల మధ్య ఎడం లేకపోతే బట్ట చిరుగుతుంది."

ఒకప్పుడు వడ్లమిల్లు వెనక శనివారాలు వాయించేదట.
ఇప్పుడు కీళ్లు వాచి చూపుడువేలు ముడవదు.
ఎప్పుడైనా నా వేలి మీద తన వేలు ఆనించి నొక్కుతుంది.
అప్పుడు వచ్చే శబ్దం నాది కాదు.
ఆ శబ్దం కోసమే మళ్లీ మళ్లీ తప్పు వాయించానని
ఆమెకు తెలుసనుకుంటా.

నవంబర్‌లో, రోజ్‌డేల్ దగ్గర, పొగమంచు.
కాపలా దిగి వంటగదిలో కూర్చున్నాను.
ఎగువనుంచి ఏదో పడవ హారన్ కొట్టింది, పొడుగ్గా.
ఆ స్వరం కోసం వెతికాను.
ఐదో మెట్టులో లేదు. ఆరో మెట్టులోనూ లేదు.
ఐదు మీద వేలుంచి, తీగని
వెంట్రుకవాసి తోశాను.
అక్కడుంది.
కోపానికీ ఏడుపుకీ నడుమ, ఏ పేరూ పెట్టని చోట.

బంగాళాదుంపలు చెక్కుతున్న లెమ్యుయెల్ ఏమీ అనలేదు.
కత్తి ఆగింది.
మంచులోంచి హారన్ మళ్లీ మోగింది.

ఈసారి అదే కొంచెం తప్పింది.