నిలువు పద్నాలుగు

సండర్లాండ్‌లో సోమ, బుధ, శుక్రవారాలు
పొద్దున్న ఏడింటికి
నాలుగు కుర్చీలు, నాలుగు డయాలిసిస్ యంత్రాలు,
ఒక్క పేపరు.

పెన్సిలు ఈనిడ్ రటర్‌ది.
ముప్పై ఏళ్ళు బడి ముందు నిలబడి
పిల్లల్ని రోడ్డు దాటించింది.
ఎడమ చెయ్యి సూదులకిచ్చి
కుడిచేత్తో గళ్ళు నింపుతుంది.
క్లైవ్ ఆర్మరాడ్ బస్సు డ్రైవరు;
పక్క కుర్చీ పేపరు వంకరగా చదివీ చదివీ
మెడ అటే ఉండిపోయింది.
కిటికీ దగ్గర డోరీన్ జవాబులు చెప్పదు,
ఎవరు చెప్పినా కాదంటుంది.
సగం సార్లు ఆమె మాటే నిజమవుతుంది.

నేను గొట్టాలు బిగించేదాన్ని.
ఆధారాలు వాళ్ళ భాషవి,
ఇటు మోసుకొస్తే ఒలికిపోతాయి.
అందుకని ఇంటికెళ్ళే బస్సులో
మన అక్షరాలు పోసి తూచుకునేదాన్ని.
ఇక్కడ చెబుతున్నవి ఆ తూకాలే.

"తలకిందులైన తల, తీగ. రెండక్షరాలు."
క్లైవ్ గొంతు సవరించుకున్నాడు, అంతే.
"తల గురించి ఆలోచించకు," అంది ఈనిడ్,
"తల అనే మాటని పట్టుకుని బోర్లించు."
లత.
"ఇది మోసం," అన్నాడు నాలుగో కుర్చీలో కీరన్.
మార్చిలో వచ్చినవాడు, పంతొమ్మిదేళ్ళు,
ఆ మాట అనడానికి ఒక చెవిలో పాట తీశాడు.
"మోసమే. అబద్ధం కాదు.
చూపించేదొకటి, చెప్పేదొకటి.
చెప్పినదాంట్లో మాత్రం కల్తీ ఉండకూడదు."
"మరి డాక్టరు నా రిపోర్టు చూసి
నిలకడగానే ఉందన్నాడు," అంది డోరీన్.
"దాన్నెలా విడగొట్టాలి?"
యంత్రాలు కాసేపు వాటి పని అవి చేసుకున్నాయి.
"న్యాయంలేని ఆధారం," క్లైవ్ తీర్పు చెప్పాడు,
"సంపాదకుడికి ఉత్తరం రాయాలి."

ఏప్రిల్లో ఒక శుక్రవారం
నిలువు పద్నాలుగు దగ్గర బండి ఆగింది.
"ఒక రోజు నది ఎదురు పారింది. రెండక్షరాలు."
ఏ రోజు? ఏ నది?
క్లైవ్ తను బస్సు దాటించిన వంతెనలన్నీ
వరసగా ఏకరువు పెట్టాడు,
ఒక వరద, నీళ్ళలో నిలిచిన డబుల్ డెక్కరు,
పై అంతస్తులో కునుకు తీసిన కండక్టరు.
"నది పేరు కాదు," అంది డోరీన్.
ఏమిటో మాత్రం చెప్పలేదు.
టీ వచ్చింది, వాళ్ళకు రాసిపెట్టిన కొలతలో,
అరకప్పు.
గడియారం పది దాటింది.

కీరన్ తన గొట్టాల వంక చూస్తున్నాడు.
ఎర్రగా వెళ్ళేది ఒకటి,
ఎర్రగానే తిరిగొచ్చేది ఒకటి.
ఎందుకో ఆ వచ్చేదాని వెంట
వేలితో మోచేతి దాకా గీశాడు.
"దిన!"
చెవిలో పాట ఉండటంతో అరిచినట్టే వచ్చింది.
(చివర సున్నా ఏదని అడక్కండి,
అది నా తూకంలో తరుగు.)
ఈనిడ్ రాయబోయి ఆగి
పెన్సిలు నాకిచ్చింది, వాడికిమ్మని.
నాలుగడుగులే. పేపరు కూడా మోసుకెళ్ళాను.
కోడి కెలికినట్టుంది వాడి రాత.
"గడి దాటింది," అంది డోరీన్.

మే నెలలో ఒక సోమవారం క్లైవ్ కుర్చీ ఖాళీ.
రాత్రి రెండింటికి ఫోనొచ్చిందట,
న్యూకాసిల్‌లో కిడ్నీ దొరికిందని.
తొందరలో పళ్ళసెట్టు మరిచిపోయి వెళ్ళాడట.
ఈనిడ్ మొదటి ఆధారం
అలవాటు చొప్పున అటు తిరిగే చదివింది,
ఉతికిన దుప్పటికి.

శుక్రవారం వార్డు ఫోను మోగింది.
"ఇవాళ్టి అడ్డం తొమ్మిది రావట్లేదు,"
క్లైవ్, సగం మత్తు, పళ్ళు లేని మాట.
"బడి లేని రోజు. వెళ్ళేవాడి చివరి మాట.
మూడక్షరాలు."
ఎనిమిదింటికే నింపేశాం దాన్ని.
కీరన్ రాత, ఈసారి గడి లోపలే.
ఈనిడ్ ఫోను చెవికి ఆనించుకుని
ఆ మూడక్షరాల వంక చూసింది.
"మాకూ రాలేదు," అంది.

డోరీన్ కాదనలేదు.