తవుడు జాడీ

ముప్ఫై ఏడేళ్లు యొకొతె కొండమలుపుల్లో బస్సు నడిపాను.
డ్యూటీ పుస్తకంలో కిలోమీటర్లు రాసిన చెయ్యి
ఇప్పుడు మిల్లీలీటర్లు రాస్తోంది.
పొద్దున ఆరింటికి రెండువందల ఎనభై.
తొమ్మిదింటికి నూటపది.
బాత్రూం గడపలోంచి గీతల జగ్గు అందిస్తూ
"టిక్కెట్టు తీసుకోండి" అంటుంది మిత్సుయె.
నవ్వాలో లేదో తెలీక
గీత దగ్గరికి కళ్లు వంచుతాను.

సిస్‌ప్లాటిన్. ప్లాటినమట, ఉంగరాల లోహం.
పెళ్లికి కొనలేకపోయారు,
ఇప్పుడు సీసాల్లో ఎక్కిస్తున్నారు, అంది.
గడ్డ మీదికి వెళ్లిన మందు
పోతూ పోతూ మూత్రపిండాల్ని గీరిపోతుందట.
అందుకే ముందు రెండు సీసాల ఉప్పునీళ్లు,
వెనక రెండు.

వంటింటి చెక్కనేల కింద జాడీ.
వరితవుడు, ఉప్పు, సముద్రపు నాచు, రెండు ఎండుమిర్చి,
మా అమ్మ చెయ్యి, తర్వాత మిత్సుయె చెయ్యి.
రోజూ అడుగు నుంచి కలపకపోతే అలుగుతుంది.
నలభై ఆరేళ్లు అందులో ఊరిన ముల్లంగి తిని
కడుపులో చల్ల కదలకుండా బతికినవాణ్ణి,
ఒక్కనాడూ వేలు పెట్టలేదు.

మూడో విడతకి ఆమె వేళ్లు మొద్దుబారాయి.
తెల్లకణాలు పడిపోయాయి.
"బతికున్న క్రిములేవీ లోపలికి పోకూడదు,
ఆ జాడీ అసలే వద్దు" అంది డాక్టర్ కుడో.
పేగు బాగుంటే మూత్రపిండం బాగుంటుందటగా, అడిగాను.
ఆమె పెన్నుకి మూత పెట్టింది.
"ఎలుకల్లో కొంత చూశారు.
పేగుగోడ పలచబడితే విషాలు రక్తంలోకి జారతాయి,
ఆ బరువు మూత్రపిండాలు మొయ్యాలి.
మంచి క్రిములు ఆ గోడకి కాపలా కావచ్చు.
మనుషుల్లో ఇంకా తెలీదు."
పొగమంచులో బస్సు నడిపినవాణ్ణి.
తెలీదని చెప్పే మనిషి పక్కనుంటే
నాకదో ధైర్యం.

ఆ రాత్రి జాడీ మూత తీశాను.
మణికట్టు దాకా దిగింది చెయ్యి.
తడి ఇసుకలా ఉంది, ఇసుకకి లేని వెచ్చదనం.
మూసిన తలుపు అవతల్నించి ఆమె గొంతు:
"అడుగు నుంచి! అది స్టీరింగు కాదు!"
సబ్బుతో రెండుసార్లు కడుక్కుని గాని
ఆమె గదిలోకి వెళ్లలేదు, ఆ చలికాలమంతా.

మంచు కరిగేవేళకి చికిత్స అయింది, కణాలు లేచాయి.
క్రియాటినిన్ ఒకటి పాయింట్ రెండు దగ్గర ఆగింది.
ఎందుకాగిందో?
ఉప్పునీళ్లు కావచ్చు. ఇంకేదైనా కావచ్చు.
జాడీ మాత్రం కాదు, అది ఆమె నోటికందితేగా.

డాక్టర్ సరేనన్న రోజున సన్నటి ముక్క కోసిచ్చాను.
చాలాసేపు నమిలింది.
"ఇది నాది కాదు. కాస్త డీజిలు వాసన."
హస్తవాసి అంటారు.
చేతిలో వాసముండేవాళ్లని కూడా అనాలేమో.
నావాళ్లు ఆమెవాళ్ల ఇంట్లో దిగి
చలికాలం గడిపారు, ఎవర్నీ అడక్కుండా.

"ఇంకో రాత్రి ఉంచాల్సింది" అంది.
రాసుకున్నాను,
మూడువందల నలభై పక్కన.