నా కొట్టు మెట్టెక్కని మోటారు

పరకాల బస్టాండు వెనక
ఇరవై రెండేండ్ల సంది
కాలిన మోటార్ల కడుపులు విప్పుతున్న.
బాయి మోటార్లు, పిండిగిర్ని మోటార్లు,
పెండ్లికి ముందురోజే మొండికేసిన గ్రైండర్లు.
రాగితీగ వాసన చూసి చెప్త,
ఓల్టేజీ తక్కువై పోయిందా, నీళ్ళు దిగి పోయిందా,
మనిషి తొందరకు పోయిందా.

ఇప్పుడు నాకే ఒక మోటారు కావాలె.

రాత్రిపూట షట్టర్ సగం దించి
రెండేండ్లుగ ఒక మిషను కడుతున్న.
అల్యూమినియం పట్టీలు, మూడు స్టెప్పర్లు,
పాత కంప్యూటర్ పెట్టెలకెల్లి తీసిన పవర్ సప్లై.
అటు ఇటు, ముందుకు ఎనుకకు, మీదికి కిందికి
ఉత్త చెయ్యి లెక్క తిరుగుతది,
పట్టుకోనీకి ఉలి లేదు.

అసలు స్పిండిల్ కొనాలంటే
సుకన్య చిట్టి ఎత్తాలె.
అందుకే వడ్లోళ్ళు అంచులు తీసే
ట్రిమ్ రౌటర్ చాలనుకున్న.
గుప్పిట్ల పట్టేంత,
నిమిషానికి ముప్పయి వేల చుట్లు.

వరంగల్ స్టేషన్ రోడ్డుల
కౌంటర్ మీద మూడు నిలబెట్టిండు షాపాయన.
ఎర్రది, నీలంది, పచ్చది.
"ఎర్రది మస్తు పోతది" అన్నడు.
ఎక్కడికి పోతదో నాకెరుకే,
ఆర్నెల్లకు నా దగ్గరికే.

నీలంది నడిపించి చెవి కాడ పెట్టుకున్న.
మోటారును ఆపినంక వినాలె.
మంచి బేరింగు మాట ముగించి లేచిన పెద్దమనిషి లెక్క ఆగుతది,
పాడుది గొణుక్కుంట ఆగుతది.
ఇది నడుమ రకం.
కాలెట్‌ల ఆరు మిల్లీమీటర్ల కడ్డీ బిగించి
సంచిలకెల్లి డయల్ గేజీ తీసి ఆనించిన.
సూది ఐదు గీతలు వణికింది.
"కొంటవా, పోస్ట్‌మార్టం చేస్తవా?" అన్నడు షాపాయన.
పచ్చదాన్ని ముట్టనే లేదు. ధర రెండింతలు.

కొట్టుకొచ్చి రిపేరు నోటుబుక్కులు దులిపిన.
ఆరేండ్ల లెక్కల
ఎర్రవి పదిహేడు, నీలంవి తొమ్మిది,
పచ్చది ఒక్కటి గూడ లేదు.
నా కొట్టు మెట్టెక్కని మోటారు!
చిట్టి సంగతి సుకన్యకు ఎట్ల చెప్పాల్నో
మనసుల మాటలు పేర్చుకుంటున్న.

అప్పుడే రంద మిషను బెల్టు కోసం వచ్చిండు
నడికూడ మొగిలిచారి.
విని, బీడీ తియ్యకుండనే నవ్విండు.
"మెట్టెక్కలేదంటే చావలేదని కాదురా సారంగం,
ఈ చుట్టుపట్ల ఎవ్వడు కొనలేదని."

నోటుబుక్కు మూసిన. మళ్ళ తెరిచిన.
ఈసారి వచ్చినయి కాదు, తిరిగి పోయినయి ఎతికిన.
నీలం తొమ్మిదిట్ల ఏడింటి పక్కన నా రాతే ఉంది:
కార్బన్ బ్రష్‌లు, నూట ఇరవై. బేరింగు, రెండు వందలు.
అండ్ల ఒకటి మొగిలిచారిదే,
నాలుగేండ్ల కింద బ్రష్‌లు మార్చింది,
ఇయ్యాల్టికి టేకు పొట్టుల తిరుగుతనే ఉంది.
ఎర్రవాటి పక్కన ఒక్కటే మాట: పడేసిన.

నీలందే తెచ్చిన.
తెచ్చిన రాత్రే విప్పిన,
వారంటీ కాగితం పరిచి దాని మీద స్క్రూలు పెట్టి.
బేరింగు మార్చి, కాలెట్ కిరోసిన్‌ల కడిగి
మళ్ళ గేజీ ఆనిస్తే
ఐదు గీతలు ఒకటిన్నరకు దిగినయి.
బిగింపుల కూసుండబెట్టి వేగం మూడుకు తిప్పిన.
ఆరు దాకా పోతది.
పోవుడు వేరు, పనిచేసుడు వేరు.

మొదటి కోతకు ఒక గీత చాలన్నది సుకన్య.
సాపు గీతల అబద్ధం దాగుతది.
ఇన్నేండ్లయినా మా కొట్టుకు బోర్డు లేదు గదా,
టేకు తుంట మీద 'మోటారు'ల 'మో' మొదలుపెట్టిన.
మన అక్షరాలకు మూలలు లేవు, అన్ని వంపులే,
ఎక్కడ స్క్రూ వదులున్నా వంపు చెప్పేస్తది.

ఓత్వం తిరిగే కాడ
ఊరవతల బాయి మోటార్లన్ని ఒక్కసారే ఎత్తుకున్నయి.
బల్బు ఎర్రబడింది.
నీలందాని గొంతు బొంగురుపోయింది.
స్విచ్చి మీద చెయ్యి పెట్టి
ఆపలేదు, విన్న.

బోర్డు మీద ఆ అక్షరానికి చిన్న గాటుంది.
ఎవలన్న అడిగితే చెప్త:
అక్కడ ఓల్టేజీ పడ్డది,
మోటారు పడలేదు.