పెన్సిల్ పేర్లు

లకిడికాపూల్ ఆఫీసులో రెండో అంతస్తు,
కిటికీ లేని గది.
ఇరవై ఆరేళ్లు ఒక చార్టుకు కొలువు చేశాను.

పైన ఒక డబ్బా, కింద మూడు,
వాటి కింద పదకొండు.
డబ్బాకో ఫొటో, ఫొటోకో గుండుసూది.
పేరు మాత్రం పెన్సిల్‌తోనే రాయమనేవారు నరహరి సార్.
"ఇంకు దండగ రా పెంటయ్యా,
వీళ్లెవరూ ఎక్కువ కాలం ఉండరు."

పై డబ్బా మొదటిసారి ఖాళీ అయిన రోజు:
గోనె లచ్చిరాం, అలియాస్ విభాకర్,
యాభై రెండేళ్లు, ఎడమ చెవి కింద పుట్టుమచ్చ.
ఖుర్షీద్ భాయ్ కింది హోటల్ నుంచి
రెండు డజన్ల ఉస్మానియా బిస్కెట్లు తెచ్చాడు.
చాయ్‌లో ముంచుకుంటూ సార్ అన్నారు,
"తల తెగింది. మొండెం ఎన్నాళ్లు కొట్టుకుంటది?"
నేను రబ్బరుతో తుడిచి
పొట్టు నోటితో ఊదాను.
నలభయ్యో రోజున అదే డబ్బాలో
ఇంకో పేరు రాశాను.

పేపర్లో ప్రతిసారీ 'వెన్ను విరిగింది' అనే వేసేవారు.
నా లెక్కకు ఏడు వెన్నులు.

అబద్ధమెందుకు, ఏమీ మారలేదనను.
లచ్చిరాం పోయాక రెండేళ్లు
మందుపాతర కబురు మా గదికి రాలేదు.
మా తోడల్లుడు కానిస్టేబుల్,
ఆ రెండేళ్లే అడవి డ్యూటీ చేసి
రెండు కాళ్లతో ఇంటికొచ్చాడు.
వాడి పిల్లలు ఆ తూటాకు దండం పెడితే
తప్పని నేనెట్లా అంటాను?

కానీ మూడో ఏడు వచ్చినవాడు
ఉత్తరాలు రాసేవాడు కాదు.
లచ్చిరాం చర్చలకు రెండుసార్లు కబురంపాడు,
ఆ కాగితాలు నేనే ఫైలులో కుట్టాను.
వీడికి ఇరవై తొమ్మిది. ఫొటో కూడా దొరకలేదు.
ప్రశ్నార్థకం గీసి సూది గుచ్చాను.
మాట్లాడేవాణ్ని తుడిచి
మాట్లాడనివాణ్ని రాసుకున్నామని
బిస్కెట్లు తిన్న గదిలో ఎవరికి చెప్పను?

ఇంకొక సంగతి.
ఆసిఫాబాద్ అవతలి నుంచి కుర్సం భీంబాయి అనే ఆమె
ఏటా ఒక దరఖాస్తు పంపేది.
మూడెకరాల పోడుకు పట్టా ఇప్పించమని.
ఎవరు చెప్పారో చిరునామా, మా ఆఫీసుకే వచ్చేది.
'మా పరిధిలోనిది కాదు' ముద్ర కొట్టి తిప్పి పంపేవాణ్ని.
పై డబ్బాలో ఏడు పేర్లు మారాయి.
ఆమె వేలిముద్ర మాత్రం అదే,
ఏటికేడు కొంచెం అరిగి.
చివరి రెండేళ్లు రాలేదు.
పట్టా వచ్చిందో, ఆమే పోయిందో
కనుక్కునే విభాగం మా దగ్గర లేదు.

నిమ్స్‌లో డయాలసిస్ మంచం మీద
నరహరి సార్ కళ్లు తెరిచి,
"పై డబ్బాలో ఇప్పుడెవడు రా?" అన్నారు.
"ఖాళీ సార్."
"మరి ఆ ఊళ్లల్ల?"
నేను బత్తాయి తొక్క తీస్తూ కూర్చున్నాను.

రిటైరయ్యేనాటికి చార్టంతా బోడి.
కొత్త సార్, కుర్రాడు, పారేయమన్నాడు.
చేతులు రాలేదు.
ఆ మందపాటి అట్టను ఆటోలో
వారాసిగూడకు తెచ్చుకున్నాను.

సక్కుబాయి డాబా మీద దాన్ని పరిచి
పాత చీర వేసి వడియాలు పెడుతుంది.
ఎత్తి గోడకు ఆనించినప్పుడు
సాయంత్రపు ఎండ సూది బెజ్జాల్లోంచి కారుతుంది.
పై డబ్బా ఉన్నచోట
సూదులు పీకి పీకి, గుచ్చి గుచ్చి
అట్టే చిరిగింది, వేలు పట్టేంత.

"గిదేందయ్యా, గీడ ఇంత బొక్క?
వడియం దిగబడి ఇరుగుతాంది.
ఏదన్న పెట్టి మూయరాదు!"

ఏం పెట్టాలో తెలియక
డ్రాయర్లన్నీ తీసి చూస్తున్నాను.
పెన్సిళ్లున్నాయి, రబ్బరు ముక్క ఉంది,
ఇంకు ఎండిపోయిన ఆ ముద్ర ఉంది.