ఒక్క గీత

ఆదోని పెద్దాసుపత్రిలో
రక్తపోటు చూసిన నర్సు కాగితం మీద తల వంచి
"మీ ఇంట్లో ఎవరికన్నా గుండెజబ్బు ఉండాదా?" అనింది.
రాసుకునేదానికి ఒక్క గీత ఉండాది దాంట్లో.
బెత్తెడు కూడా లేదు.

లేదమ్మా, అంటి.
మా ఇంట్లో గుండెతో ఎవరూ సావలేదు.
అందరూ వేరే వేరే పనుల మీద పోయినారు.

జేజినాయన మౌలాలి దూది ఏకుతా పోయినాడు.
విల్లు మోత సందు చివరిదాకా వినపడేదంట.
ఆ పొద్దు మోత ఆగితే
నరం తెగిందనుకున్నారు వీధోళ్ళు.
లోపలికి పోయి చూస్తే
విల్లుకు కట్టిన నరం బాగనే ఉండాది.
నలభై ఏడేండ్లు.
గాలి తగిలింది, అన్నారు.

చిన్నాయన దస్తగిరి
పీర్ల గుండం చుట్టూ ఎగిరొచ్చి
అరుగు మీద కూసోని నీళ్ళు అడిగినాడు.
చెంబు వచ్చేలోపల ఒరిగిపోయినాడు.
పీరు పిలుచుకున్నాడు, అన్నారు.
నలభై నాలుగు.

మా నాయన గ్యాసు అన్నాడు.
మూడు దినాలు గ్యాసే అన్నాడు.
సోడా తాగినాడు, వాము నమిలినాడు,
జిన్నింగు మిల్లుకు రాత్రి షిఫ్టుకు గూడా పోయినాడు.
నాలుగో దినం కర్నూలుకు ఎత్తుకపోతాంటే
ఎమ్మిగనూరు దాటినాక
"బండి నిలబెట్టు, వక్కాకు కొనుక్కోవాల" అన్నాడంట.
కడపటి మాట అదే.

మందుల కిటికీ కాడ వరసలో నిలబడి
వేళ్ళు ముడుస్తా లెక్కేసుకున్నా.
నలభై ఏడు. నలభై నాలుగు. యాభై ఒకటి.
నా వంతు వచ్చింది తెలీలేదు.
వెనకామె భుజం తట్టింది.

ఇంటికి పోకుండా మేనత్త కాశింబీ కాడికి పోతి.
"మా నాయన ఎదలో ఏమన్నా అనేవాడా అత్తా?"
"ఏకని దూది పిడచ కట్టినట్టుండాదనేవాడు.
మా అమ్మ గూడా అంతే అనేది."

జేజి గూడానా?

"ఎడమ రెట్ట లాగుతాందని గోడకు ఆనుకునేది మే.
ఉప్పు కాపడం పెట్టేదాన్ని.
రోట్లో మిరపకాయలు దంచుతా పక్కకు ఒరిగింది.
కండ్లల్లో నీళ్ళుంటే
ఘాటుకనుకుంటిమి."

ఇన్నేండ్లూ చెప్పలేదేమత్తా?

"అడిగిందెవరు?"

మరుసటి వారం అదే నర్సు, అదే కాగితం.
"ఒక్క గీతలో ఇంతమంది యాడ పడతారమ్మా" అనింది.
వెనక్కి తిప్పి రాయమంటి.
మొదట జేజిని రాయి.
మగోళ్ళ పేర్లు ఫాతెహాలో ఏటేటా వస్తానే ఉంటాయి,
ఆమె పేరు ఏ కాగితంలోనూ లేదు.

పీరమ్మ.
వయసు?
ముప్పై ఎనిమిది.

నర్సు పెన్ను నిలబడింది.
కాగితం మళ్ళా ఇటు తిప్పి
పైన నా వయసు చూసింది.
ముప్పై ఏడు.
ఏమీ అనలేదు. "రేపు పరగడుపున రా" అనింది.

రాత్రి ఖాజా అన్నం కాడ
ఊరగాయ జాడీ కోసం వెతుకుతాడు.
పద్నాలుగేండ్లోడు, నా కంటే జానెడు పొడుగు.
"అటక మీద పెట్టినావేంటికమ్మా?"
కూసో నాయనా, మనోళ్ళ సంగతి చెప్తా, అంటి.
"కథనా?"
కాదు.

మౌలాలి కాడ మొదలుపెట్టి, ఆపి,
పీరమ్మ కాడ మొదలుపెడితి.
వాడు అప్పడం విరిచి
సగం నా కంచంలో ఏసినాడు.
వింటాండాడో లేదో తెలీదు.
మాత్ర ఇంకా ఏసుకోలేదని
అప్పుడు గుర్తొచ్చింది నాకు.